ఊడ్వని బడి

ముక్కు మూసుకుంటె ఎట్ల సారూ? సూడనీకే గద వచ్చినవ్, సూడు మరి. మేక పెంటికలే అవి, కరుస్తయా ఏంది? జర పక్కపొంటి రా. ఆ మూలకు పోకు, ఎలుకలు తవ్వి తవ్వి బొక్క జేసినయ్, కాలు దిగుతది.

చీపురు లేక కాదు సారూ. మా ఇంట్ల చీపురుంది, చాట ఉంది, ఊడ్చెటందుకు చేతులున్నయ్. నేనే వద్దన్న. పొద్దుగాల సంది గీ గడప మీద అడ్డం కూసున్న. ఎవలు చీపురు పట్టుకొచ్చినా లోపటికి పోనియ్యలె.

పిచ్చిది అనుకుంటున్నవ్ గద? అనుకో. మా పటేలు బాపురావు గూడ గదే అన్నడు. "భూమవ్వా, నీకేమన్న పిస లేసిందా? నిజామాబాద్ సంది సాబు వస్తుంటె ఊరి ఇజ్జత్ తీస్తవా?" అని మీద మీదికొచ్చిండు. ఇజ్జత్! గా ఇజ్జతే సారూ మమ్ముల నిలువున ముంచింది. జెప్త ఇను.

అరె, నువ్వు నువ్వు అంటున్ననని మనసుల పెట్టుకోకు. మాకు దేవునికైనా నువ్వే, సాబుకైనా నువ్వే. సూడబోతె నా చిన్న తమ్ముని ఈడుంటవ్. కూసుందామంటె కుర్చీ లేదు, మొదలే జెప్తున్న. బెంచి గూడ లేదు. గీ రాయి మీద కూసో, మా బడి పంతులు ఆత్మారాం సారు గూడ దీని మీదనే కూసుంటడు, వచ్చిన నాడు.

నేనెవర్తెనా? సర్కారు మనిషిని కాదు సారూ. భూమవ్వ నా పేరు, లింబయ్య పెండ్లాన్ని. చెరుకు కొట్టి బండ్లకెత్తెటోళ్లం. బడి గోడ, మా ఇంటి గోడ ఒక్కటే. పిల్లలకు మంచినీళ్లు నేనే తెచ్చిపోస్త. నా బిడ్డ గంగుబాయి గీ బడిలనే సదువుతది. గదిగో, కిటికి కాడ నిలబడ్డది సూడు, ఎర్రగౌను పోరి. నా దిక్కు సూస్తలేదు. కోపం వచ్చింది దానికి. ఎందుకొచ్చిందో అది గూడ జెప్త.

నీకంటె ముందల ఇంకో డిప్టీ సాబు వచ్చిండు సారూ. ముసలాయన, నల్లకోటు. పేరు నాకెర్కలేదు. తిడుదామంటె గూడ పేరు ఎర్కలేదు, గది నా కర్మ. ఊర్ల డప్పు గొట్టి జెప్పిండ్రు. "సమితి ఆఫీసు సంది బడి సూడనీకి సాబు వస్తుండు. గదులు కట్టియ్యాల్నా, ఇంకో సారును ఇయ్యాల్నా, సూసి రాసుకపోతడు" అని.

సూసి రాసుకపోతడు అంటె మేమేమనుకుంటం? సూసెటోడు వస్తుండంటె మంచిగ కనవడాలె. పిల్లను సూడనీకి పిల్లగానోళ్లు వస్తుండ్రంటె ఏం జేస్తం సారూ? ఇల్లు అలుకుతం. సున్నం ఏస్తం. ఉన్నదాంట్ల మంచి చీర కడతం, చిరుగుంటె లోపటికి మడుస్తం. మేం గట్లనే జేసినం. మాకు ఎర్కున్న పద్ధతి గదొక్కటే.

అబ్బో, ఏం పని జేసినం అప్పుడు! ఆడోళ్లమంత కల్సి పెండ, ఎర్రమన్ను తెచ్చి నేలంత అలికినం. గీ చీలిన గోడ సూస్తున్నవ్ గద, చెయ్యి పడుతది అండ్ల. దానికి మన్ను మెత్తి, మీదికెళ్లి సున్నం కొట్టిండ్రు మొగోళ్లు. వాన ఉరిసే జాగ కనవడకుండ మామిడాకుల తోరణం కట్టినం. వాకిట్ల ముగ్గులేసినం. బడి పెండ్లిపందిరి లెక్క అయింది పో.

ఇగ కూసోనీకి ఎట్ల? కాలువ అవతల క్యాంపు ఉంది గద, ఆంధ్ర సంది వచ్చి భూములు జేసుకుంటున్న రైతులది, వాళ్ల బడిల బెంచీలున్నయ్. క్యాంపుకు జగ్గారావు గారు పెద్దమనిషి. మా పటేలు పోయి అడిగిండు. అడగంగనే, పాపం, కాదనలె. చెరుకు బండ్లల్ల ఏసుకొచ్చి గిక్కడ వరుసగ పెట్టినం. మా పోరగాండ్లు పుట్టిన సంది బెంచి మీద కూసుంటె గద! కాళ్లు ఊపుకుంట కూసుండ్రు. వాళ్లను సూసి మాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, సంతోషానికి.

అంగీలు లేని పోరగాండ్లను ఏం జేసినమో తెలుసా? చెరుకుల దాసినం. చేతుల బెల్లంగడ్డ పెట్టి, సాబు పోయెదాంక లొల్లి జెయ్యొద్దు, బయటికి రావొద్దు అని తోట నడుమ కూసోవెట్టినం. దాంట్ల ఒకడు తుమ్మితె వాళ్లవ్వ ఉరికి నోరు మూసింది. నవ్వొస్తుందా? మేం గూడ నవ్వినం సారూ గప్పుడు. ఎంత తెలివి మాది అనుకున్నం.

సాబు వచ్చిండు. మా గంగు ముందల నిలబడి పద్యం సదివింది, ఒక్క తప్పు పోలె. కోడిని కోసినం, గారెలు జేసినం. సాబు కడుపు నిండ తిన్నడు, తేన్చిండు, పాన్ ఏసుకున్నడు. గోడలు సూసిండు, ముగ్గులు సూసిండు, బెంచీలు సూసిండు. "శభాష్! గింత సాఫ్ బడి ఈ తాలూకాల నేను సూడలె. మీకేం తక్కువ?" అన్నడు.

మీకేం తక్కువ! మేం ఉబ్బిపోయినం. పటేలు మీసం మెలేసిండు. అది దీవెన అనుకున్నం సారూ. గా మాటనే రాసుకపోయిండని మాకేం ఎర్క?

ఇంకా ఉంది, ఇను. అదే దినం మాపటీలి గా సాబు క్యాంపుకు పోయిండు. ఆడ బెంచీలేవి? మా బడిల ఉన్నయ్! వాళ్ల పిల్లలు నేల మీద కూసున్నరు. సాబు అయ్యో పాపం అన్నడట. జగ్గారావు గారు ఆయన్ను సీద తీస్కపోయి ఇరిగిన దూలం కింద నిలబెట్టిండట. ముగ్గు లేదు, తోరణం లేదు.

జగ్గారావు గారు బెంచీలు మంచితనానికి ఇచ్చిండో, మతలబు పెట్టుకొని ఇచ్చిండో, నాకు ఇయ్యాల్టికి తెల్వది. మంచితనానికే అనుకుంట. ఎందుకంటె, అట్ల అనుకోకపోతె రేపు వాళ్ల పొలంల కలుపు తియ్యనీకి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?

ఈ ముచ్చటంత నాకెట్ల తెలుసంటె, జగ్గారావు గారి భార్య రత్తమ్మ గారే జెప్పింది. మంచిదే ఆమె. నాట్లకు పోయిన నాడు మజ్జిగ పోసి, నవ్వి నవ్వి జెప్పింది. "ఎంత అమాయకులే భూమవ్వా మీరు! ఆఫీసరొస్తే పగిలిన పెంకు చూపించాలి గానీ ముగ్గులు చూపిస్తారటే? ఇది పిల్లల నెత్తి మీద పడితే ఎవరండీ జవాబుదారీ అని మా ఆయన నిలదీసి అడిగారు. అడగందే అమ్మైనా పెట్టదు" అన్నది.

మజ్జిగ తాగి, గలాసు కడిగి బోర్లించి మల్ల నాట్లకు దిగిన. మాకు అడుగుడు రాదు సారూ. నైజాం కాలం సంది సాబును సూస్తె చేతులు కట్టుకొని నిలబడుడే మాకెర్క. వాళ్లు పేపరు సదువుతరు, ఆఫీసుల ఎవలిని పట్టుకోవాల్నో తెలుసు, బడి కట్టనీకి ఊరి వాటా కింద ఇటికలు పెట్టుమంటె బండ్లకు బండ్లు తోలుతరు. మా కాడ ఏముంది? రెండు చేతులున్నయ్. గా చేతులతోని సున్నం ఏసి మా గొయ్యి మేమే తవ్వుకున్నం.

మల్ల ఏడాదికి క్యాంపు బడికి కొత్త గదులు వచ్చినయ్. గంట వచ్చింది. కొత్త సార్లు వచ్చిండ్రు. మా ఆత్మారాం సారును గూడ ఆడికే గుంజుకున్నరు, గిక్కడికి వారానికి ఒకపారో రెండుపార్లో వస్తడు. ఆయనను గూడ నేను తప్పనను. ఆడ ఉండనీకి ఇల్లిచ్చిండ్రు, పొద్దుగాల పాలు పోస్తరు. మా ఊర్ల ఉందామంటె గుడిసె లేదు, బోధన్ సంది సైకిలు తొక్కుకుంట రావాలె. ఆయన జాగల నేనున్నా రాను.

బోధన్ అంటె యాదికొచ్చింది. సీజన్ల మేం ఫ్యాక్టరీకి చెరుకు తోలుతం గద, బండ్లు లైను కట్టి పొద్దంత నిలబడుతయ్. ఎడ్లు నెమరేసుకుంట ఉంటయ్, మొగోళ్లు బీడీలు తాక్కుంట ఉంటరు. లైను పొంటి ఆఫీసర్ల కోటర్లు, దాంట్లనే ఒక బడి. తార్ కంచె అవతల. పిల్లలందరికి బూట్లు, నెత్తి మీద పంకలు తిరుగుతయ్ సారూ, బడిల పంకలు! పాఠం జెప్పే అమ్మ చేతుల బెత్తం గూడ లేదు. నవ్వుకుంట జెప్తది.

మా గంగును ఎంబడి తీస్కపోయిన ఒకపారి. నేను ఎడ్లకు గడ్డి ఏసి సూస్తె పోరి లేదు. నా పానం పోయింది. ఏడుందో సూస్తె గా కంచె పట్టుకొని నిలబడ్డది. లోపటి పిల్లలు ఎక్కాలు జెప్తుంటె ఇది బయట కెళ్లి జెప్తుంది. కాపలాయన వచ్చి కట్టె సూపెట్టి ఎల్లగొట్టిండు. అది ఏడ్వలె. బండి కాడికొచ్చి, "అవ్వా, వాళ్లకు పదమూడో ఎక్కం జెప్పిండ్రు, మా సారు పది కాడనే ఆపిండు" అన్నది. నేనేం జెప్పాలె దానికి? తార్ కంచెకు ఇవుతల పదే అని జెప్పాల్నా?

దానిది నాలుగో తరగతి అయిపోయింది సారూ. ఐదు జెప్పెటోడు లేక మల్ల నాలుగే సదివింది. మల్ల గూడ నాలుగే. పుస్తకమంత కండ్లు మూసుకొని జెప్తది. దాని దోస్తులు పెండ్లిళ్లు జేసుకొని పోయిండ్రు, ఇదింక నాలుగులనే ఉంది.

క్యాంపు బడికి పంపియ్యలేదా అంటవా? పంపినం. లింబయ్య వద్దన్నా వినకుండ నేనే తీస్కపోయిన. ఆడి పెద్దసారు బసవయ్య గారు, మంచిగనే మాట్లాడిండు. లెక్కలు అడిగిండు. భాగారం జెయ్యమంటె ఇది ఏందో తెల్వక నా మొఖం సూసింది. ఎవలన్న నేర్పితె గద! "పాపకి బుర్ర ఉందమ్మా, పునాదే లేదు" అని రెండో తరగతిల కూసోవెట్టిండు. గింత పొడుగు పోరి, పాలపండ్ల పోరగాండ్ల నడుమ. కొత్త బెంచీలు చిన్నయి, దాని మోకాళ్లు పట్టలె. అయినా పోయింది సారూ. సిగ్గును దిగమింగుకొని పోయింది.

కాని తొవ్వ సూసినవా నువ్వు? జీపుల వచ్చినవ్ కాబట్టి రోడ్డు మీద కెళ్లి వచ్చినవ్. నడిచెటోళ్లకు కాలువ కట్టనే. రెండు దిక్కుల చెరుకు, మనిషి మునిగేటంత. ఒకనాడు చెరుకుల కెళ్లి ఎవడో ఈల ఏసిండు. ఇంకోనాడు ఎంబడి నడిచిండు. పోరి ఉరుక్కుంట వచ్చి ఇంట్ల పడ్డది, చెప్పులు ఏడనో పోయినయ్. లింబయ్య గొడ్డలి పట్టుకొని కట్టంత తిరిగిండు, ఎవడు దొరకలె. ఇగ పోవద్దన్నడు. నేను గూడ వద్దన్న. ఈడొచ్చిన ఆడపిల్లను ఆ తొవ్వల ఎవలు పంపిస్తరు సారూ? నువ్వు పంపిస్తవా నీ బిడ్డను?

గందుకే దానికి ఈ బడి తప్ప వేరే బడి లేదు. ఇంకో సారు వచ్చి, గీ పెంకులు సర్ది, ఐదు పెడితె అది ఐదు సదువుతది. గంతే. డాక్టరమ్మ కావాలని నేనేం అనలె. ఐదు పాసైతె అంగన్‌వాడి కాకపోయినా, ఏ బాలవాడిలనో ఆయా కింద పెట్టుకుంటరని పటేలు జెప్పిండు. నీడపట్టున కూసొని తింటది, నా లెక్క చెరుకాకులకు చేతులు కోసుకోకుండ.

ఇప్పుడు నువ్వు వస్తున్నవని మల్ల డప్పు గొట్టిండ్రు. ఊరంత మల్ల సున్నం తట్టలు బయటికి తీసింది! నేను లేసి నిలబడ్డ. "ఖబర్దార్! ఈపారి ఎవడన్న గోడ ముట్టిండంటె వాని చెయ్యి ఇరగ్గొడ్త" అన్న. పుండు దాస్తె వైద్యుడు మందెట్ల ఇస్తడు? రత్తమ్మ గారు జెప్పిన మాట మనసుల పట్టుకున్న. అంగి లేనోళ్లనందరిని ముందల నిలబెట్టిన, సూసినవ్ గద వాకిట్ల? వాళ్ల అవ్వలు నన్ను తిట్టుకుంట ఇంట్ల దాసుకున్నరు, నేనే పోయి గుంజుకొచ్చిన.

గంగు పొద్దుగాలనే లేసి చీపురు పట్టుకొచ్చింది. "అవ్వా, సారు వస్తుండు, నా బడి గలీజుంది, ఊడుస్త" అన్నది. వద్దన్న. ఇనలె. చేతుల కెళ్లి చీపురు గుంజుకున్న. మల్ల పట్టింది. చెంప మీద ఒక్కటి కొట్టిన సారూ. బడి ఊడుస్తనన్నందుకు కన్నబిడ్డను కొట్టిన. ఏ తల్లన్న గిట్ల కొడతదా? గదే దాని కోపం. నీ సదువు కోసమే కొడుతున్ననే అంటె దానికేం సమజైతది!

ఇగ సూడు. మీదికి సూడు, మొగులు కనవడుతుంది. దూలాన్ని చెద తిన్నది, గోరుతోని గీకితె రాలుతది. బోర్డు ఏదంటవా? గీ గోడనే బోర్డు, బొగ్గు నూరి ఆకుపసరుల కలిపి పూసినం. ఎండకాలం తేళ్లు, వానకాలం నీళ్లు. ఇది పిల్లల నెత్తి మీద పడితె ఎవలు సారూ జవాబు జెప్పెటోళ్లు? అడుగుతున్న సూడు. మాకు గూడ అడుగుడు వచ్చింది. జెప్పు.

ఏందీ?

మల్లోపారి జెప్పు సారూ, నాకు సమజ్ కాలె. పనికిరాదా? అవును, పనికిరాదు, గదే గద నేను జెప్పెది, బాగు జెయ్యుండ్రి అని.

మూసేస్తవా?

అరె, మూసుడేంది సారూ? పిల్లల్ని దీంట్ల కూసోవెట్టొద్దని, పానానికి ముప్పు అని, రేపటి సంది ఈ బడి బంద్ అని... క్యాంపు బడిల కలుపుతున్నవా? ఆ తొవ్వ ముచ్చట ఇప్పటిదాంక నేను గోడకు జెప్పిన్నా?

బాగు జెయ్యనీకి పైసలు లెవ్వంటవ్. ముందటాయన ఈ బడి మంచిగుందని రాసిండు, మంచిగున్న బడికి మరమ్మతు ఎట్ల ఇస్తరంటవ్. ఇప్పుడు సూస్తె కూలెటట్టుంది, కూలే బడిని నడుపుడు ఎట్లంటవ్. వారెవ్వా! మంచిగ సూపెడితె ఏం తక్కువ అంటిరి. ఉన్నది ఉన్నట్టు సూపెడితె ఉండనే వద్దంటిరి. మరి ఎంత తెల్లగుంటె ఇస్తరు సారూ, ఎంత గలీజుంటె ఇస్తరు? గా లెక్క ఏదో డప్పుల జెప్పిస్తె మేం గంతనే పూసెటోళ్లం గద!

క్యాంపుల దూలం ఇరిగితె కొత్త దూలం వచ్చె. మా దూలం ఇరిగితె బడే పాయె. దూలం ఒక్కటే గద సారూ, చెద ఒక్కటే గద?

నీ చేతుల లేదా? పైనోళ్ల చేతుల ఉందా? అడిగి ఉంటె ముందటాయన గూడ పైనోళ్లే అనెటోడు. ఆ పైనోళ్ల పిల్లలు ఏడ సదువుతరు సారూ? పోనీ, నీ పిల్లలు ఏడ సదువుతరు? నిజామాబాద్‌ల, పంకలున్న బడిలనా? ఆ, తప్పేముంది, ఎవలకు వాళ్ల పిల్లలు ముద్దు. తలకాయ దించుకోకు. నిన్ను తిట్టి నాకేమొస్తది? నువ్వు మంచోనివే ఉన్నవ్, కోడి కొయ్యమని అడగలె. మంచోడు వచ్చినా ముంచుడే, చెడ్డోడు వచ్చినా ముంచుడే, గట్లుంది మా నసీబ్.

బాపురావు పటేలు ఇయ్యాల సంది నన్ను ఊర్ల బతకనియ్యడు. "నీ వల్లనే బడి పాయె" అంటరు అందరు. సున్నం ఏసి ఉంటె ఇంకో నాలుగేండ్లు పడుకుంట లేసుకుంట నడిచేది గద అంటరు. నిజమే గావచ్చు.

ఆగు సారూ, దాన్నేం అడుగుతున్నవ్? ఏం సదువుతున్నవ్ బిడ్డా అనా? సార్లందరికి అలవాటు గద, పిల్లలు కనవడితె గదొక్కటి అడుగుతరు. జెప్పే గంగూ. సారు అడుగుతుండు గద, జెప్పు. తలకాయ లేపు.

అది జెప్పది. నేను జెప్త. నిన్నటిదాంక నాలుగు సారూ. రేపటి సంది నా ఎంబడి చెరుకు కొట్టనీకి వస్తది. పో, ఎండ ఎక్కుతుంది, జీపు కాడ మీ డ్రైవరు సూస్తుండు.